ఎవరి వైపునుంచి వచ్చింది

"మా అమ్మానాన్నల పేర్లు ఎక్కడికి పోయాయి?" అంది కార్లిస్.

వంటింట్లో బల్లనిండా పరిచిన వంశపటం మీద రబ్బరు పొట్టు ఇంకా అలాగే ఉంది. అత్తగారు ఆర్విల్లా ఆ పొట్టుని అరచేత్తో ఊడ్చి, దోసిట్లోకి తీసుకుని, చెత్తబుట్టలో దులిపి వచ్చి, మళ్లీ కళ్లజోడు పెట్టుకుంది.

"పోవడానికేముంది? కాస్త పక్కన పెట్టాను," అంది. "వాళ్లు నిన్ను పెంచినవాళ్లు. ఇది రక్తం సంగతి."

ఆ పటం ఇరవై ఏళ్లుగా హాల్లో గోడకి ఉంది. విప్పిన విసనకర్రలా ఉంటుంది. పిడి దగ్గర కార్లిస్ కూతురి పేరు, మెకెల్. ఎడమవైపు తండ్రి తరఫు ముంక్ వంశం, తొమ్మిది తరాలు, ఒక్క గడి ఖాళీ లేకుండా. డెన్మార్కులో చెప్పులు కుట్టినవాడున్నాడు. ఓడలో పుట్టి, ఓడ దిగేలోపే పెళ్లి కుదుర్చుకున్న పిల్ల ఉంది. ఎద్దు చచ్చిపోతే కాడి తన మెడకెత్తుకుని బండిని యూటా దాకా లాక్కొచ్చి, ఎద్దుకి నీళ్లు పెడదామని వెనక్కి తిరిగినప్పుడు గాని అది లేదని గమనించని తాత ఉన్నాడు.

కుడివైపు కార్లిస్ తరఫు. అక్కడ ఆమె పేరు, ఆ పైన ఆమెని ఆరు రోజుల పసిగుడ్డుగా నెవాడానుంచి తెచ్చుకుని పెంచిన ఇద్దరి పేర్లు. ఉన్నవి ఆ రెండే. ఈ పొద్దున అవి కూడా లేవు. విసనకర్రలో ఆ సగం ఉతికి ఆరేసిన దుప్పటిలా తెల్లగా ఉంది.

కార్లిస్ గుడ్డ తీసుకుని పొయ్యి గట్టు తుడవడం మొదలుపెట్టింది. అది పొద్దున్నుంచి నాలుగోసారి. తొమ్మిది రోజులుగా ఆమె చేతులు ఒకచోట ఉండటం లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎందుకు లేచిందో గుర్తుండదు. ఫ్రిజ్ తలుపు తీసింది, మూసింది. లోపల చర్చివాళ్లు తెచ్చిచ్చిన జున్ను బంగాళాదుంపల పళ్లేలు ఏడు ఉన్నాయి. ఈ లోయలో ఎవరింట్లో చావొచ్చినా ఆ వంటకమే తెస్తారు. జబ్బుకి వేరే వంటకం ఎవరికీ చేతకాదు. మొదటి పళ్లెం వచ్చినరోజు మెకెల్ గుమ్మంలోకి కుంటుకుంటూ వెళ్లి, తను ఇంకా ఉన్నానని, కావాలంటే ముట్టుకుని చూసుకోవచ్చని వాళ్లతో చెప్పింది. ఆడవాళ్లు నవ్వాలో ఏడవాలో తెలీక మర్నాడు ఇంకో రెండు పళ్లేలు పంపించారు.

తొమ్మిది రోజుల కిందట సాల్ట్ లేక్ ఆసుపత్రిలో డాక్టరు చెప్పింది. మెకెల్ తొడ కండలో కోడిగుడ్డంత గడ్డ ఉందని, అది చెడ్డదని, ముక్క తీసి చూస్తే అందులో ఒక జీన్ తేడాగా కనబడిందని. జీన్ అన్నమాట చెవిన పడటమే తడవు, ఆర్విల్లా ఇంటికొచ్చి పటం గోడమీంచి దించేసింది.

ఆవిడ చేతిలో ఉన్న విద్య అదొక్కటే మరి. శాన్‌పీట్ లోయలో ఎవరి ముత్తాత తప్పిపోయినా జనం వచ్చేది ఆవిడ దగ్గరికే. చచ్చి మూడొందల ఏళ్లయిన మనిషిని మూడు నిమిషాల్లో పట్టుకుంటుంది. వాడు తప్పు పేరుతో ఓడెక్కినా సరే, పేరే లేకుండా ఎక్కినా సరే. అలాంటి మనిషి సొంత మనవరాలి ఒంట్లోకొచ్చినదాన్ని వెతక్కుండా ఊరుకుంటుందా? ముంక్‌లని తొమ్మిది తరాలూ తిరగేసింది. పిడుగు పడి పోయినవాళ్లు, కాన్పులో పోయినవాళ్లు, తొంభై ఆరేళ్లకి పందెం కట్టి కొండెక్కి పోయినవాడు. తొడలో గడ్డతో పోయినవాళ్లు ఒక్కరు లేరు.

నిన్న ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆ మాట అందరి ముందూ చెప్పింది. మా వైపు లేదు, కాబట్టి, అని అక్కడితో ఆపి ఉప్పుడబ్బా అందుకుంది. మిగతా సగం వాక్యం బల్ల మీద అలాగే ఉండిపోయింది. అందరూ దాన్నే చూస్తూ తిన్నారు.

మెకెల్ ఆ సగాన్ని పట్టుకెళ్లి తన గదిలో పూర్తి చేసుకుంది.

*

రెండు వారాల్లో కీమో మొదలవుతుంది. ఆ మందు గడ్డతో పాటు కడుపులో ఉన్న అండాల్ని కూడా ఎండగట్టెయ్యొచ్చు. పిల్లలు కావాలనుకుంటే ముందే అండాలు తీసి గడ్డకట్టించి దాచుకోవాలి. దానికి సూదులు ఈవేళే మొదలవ్వాలి. సాయంత్రం ఐదింటికల్లా కాగితం మీద మెకెల్ సంతకం పడాలి. రేపైతే గడువు దాటిపోతుంది. కీమో ఆగదు.

మెకెల్‌కి ఇరవై ఒక్కటి. ఆగస్టులో పెళ్లి. పిల్లవాడు జారమ్, ఐదుగురు పిల్లలు కావాలంటాడు. ఈ పిల్ల ఆరుగురంటుంది. అలాంటిది నిన్న రాత్రి భోజనమయ్యాక పళ్లేలు తీస్తూ, తను సంతకం పెట్టడం లేదని చెప్పేసింది.

"ఇదెక్కణ్ణుంచి వచ్చిందోగాని, నాతో ఆగిపోవాలి," అంది. "తెలిసి తెలిసి నా పిల్లలకివ్వను."

ఎక్కణ్ణుంచి అన్నప్పుడు తల్లివైపు చూడలేదు. చూడకపోవడమే కార్లిస్‌కి ఎక్కువ తగిలింది.

ఇప్పుడు పిల్ల బూట్ల లేసులు కట్టుకుంటూ గుమ్మం మెట్టు మీద కూర్చుంది. మధ్యాహ్నం రెండింటికి డాక్టరు రమ్మంది. థేన్ బండి స్టార్ట్ చేసి పెట్టాడు. కార్లిస్ మొగుడు థేన్ ముంక్‌కి ఏడు షెడ్ల నిండా టర్కీ కోళ్లు, నోటి నిండా కథలు. ఒక ఏడు మంచు ఎంత పడిందంటే మేత వెయ్యడానికి పొగగొట్టంలోంచి షెడ్డులోకి దిగాల్సొచ్చిందని, ఐదు రోజులు అలా మేపాక అది పక్కింటివాళ్ల షెడ్డని తెలిసిందని, కోళ్లు మాత్రం చెప్పకుండా తిన్నాయని చెబుతాడు. ఆ మనిషి తొమ్మిది రోజులుగా ఒక్క కథ చెప్పలేదు. ఇల్లు కోళ్లు లేని షెడ్డులా ఉంది.

ఆర్విల్లా ఆదివారం చర్చికి వేసుకెళ్లే నీలం గౌను తొడుక్కుని వచ్చి వెనక సీట్లో కూర్చుంది. ఆవిడ రావడమెందుకని కార్లిస్ మొగుణ్ణి కళ్లతోనే అడిగింది. థేన్ భుజాలెగరేశాడు. ఎందుకో ఆవిడ ఈవేళ వస్తానని పోయిన వారంనుంచే పట్టుబట్టింది.

"అత్తయ్యా, పటం తెచ్చుకుంటున్నారా?" అంది కార్లిస్, ఒళ్లో చుట్టని చూసి.

"డాక్టరమ్మకి చూపించాలి."

"చూపించండి. మా సగంలో ఏం కనబడదని కూడా చెప్పండి."

"అందుకే కదమ్మాయ్ అంత భయం," అంది ఆర్విల్లా. ఆవిడ గొంతులో కసి లేదు. నిజంగానే భయపడుతోంది. కార్లిస్ తిట్టడానికి తెరిచిన నోరు మూసుకోవాల్సొచ్చింది.

రెండు గంటల దారి. నీఫై ఊరు దాటాక ఆర్విల్లా సంచిలోంచి రొట్టెలు తీసి పంచింది. కార్లిస్ తన రొట్టె తినలేదు, చిన్న చిన్న ముక్కలు చేసి ఒళ్లో పెట్టుకుంది. కిటికీ దించింది, ఎత్తింది. తనలో ఏముందో తనకే తెలీదన్న సంగతి నలభై ఎనిమిదేళ్లు ఆమెకి హాయిగానే ఉండేది. ఎవరి ముక్కో, ఎవరి కోపమో, ఏదైనా తన సొంతమే అనుకునేది. ఇప్పుడు అద్దంలో చూసుకుంటే ఆ ముఖం వెనక ఎవరెవరో నిలబడి ఉన్నట్టుంది. వాళ్లల్లో ఎవడో ఒకడు తనని దాటించి తన పిల్లకి అందించాడు. మధ్యలో చేతులు చాపి అందుకుని అందించింది తనే.

*

డాక్టర్ ఎచెవెరీ నెవాడాలో ఎల్కో ఊరి దగ్గర గొర్రెల కాపర్ల ఇంట్లో పుట్టిన మనిషి. చేతులు వెడల్పుగా, గొంతు ఇంకా వెడల్పుగా ఉంటాయి. ఆర్విల్లా విప్పిన పటాన్ని మర్యాదగా రెండు నిమిషాలు చూసింది. ఎద్దు తాత దగ్గర ఆగి కథ అడిగి మరీ విన్నది. తర్వాత తనే దాన్ని చుట్టి ఆవిడకి తిరిగిచ్చింది.

"ఇందులో దొరకదమ్మా," అంది. "ఎంత వెతికినా దొరకదు. ఇది వంశంలోంచి వచ్చింది కాదు."

"జీన్ అన్నావు కదమ్మా."

"అన్నాను. అది నా తప్పే. సగం చెప్పి పంపించాను."

అప్పుడామె మిగతా సగం చెప్పింది. ప్రతి కణంలోనూ క్రోమోజోములనే పోగులుంటాయి, వాటి మీద జీన్లుంటాయి. మెకెల్ తొడలో, ఏదో ఒక కణంలో, ఏదో ఒకరోజు, పదకొండో పోగూ ఇరవై రెండో పోగూ రెండూ తెగాయి. కణం గాభరాపడి వాటిని మళ్లీ అతికించుకుంది. దీని ముక్క దానికి, దాని ముక్క దీనికి. అలా రెండు జీన్ల సగాలు కలిసి, లోకంలో లేని ఒక అతుకు జీన్ తయారైంది. అందులో ఒక సగానికి చోటు పట్టుకునే వేళ్లున్నాయి. ఇంకో సగానికి నొక్కే బలముంది. విడివిడిగా రెండూ బుద్ధిమంతులే. కలిశాక చూసుకో.

"ఏం చేస్తుందది?" మెకెల్ అడిగింది. పొద్దున్నుంచి ఆ పిల్ల నోరు విప్పడం అదే.

మన పోగుల్లో అర్థంలేని చోట్లు చాలా ఉంటాయని డాక్టరు చెప్పింది. అవే నాలుగక్షరాలు మళ్లీ మళ్లీ, నత్తివాడి మాటలా. మామూలుగా వాటికి ఏ పనీ ఉండదు. ఈ అతుకు జీన్ ఆ వేళ్లతో వెళ్లి సరిగ్గా ఆ చోట్లనే పట్టుకుంటుంది, పట్టుకుని నొక్కుతుంది. దాంతో పనిలేని చోటు స్విచ్చయి కూర్చుంటుంది. తొడలో ఎన్నడూ వెలగకూడని జీన్లు వెలుగుతాయి. పెరుగు, పెరుగు అనేవన్నీ లేస్తాయి. ఇక చాలు, ఆగు అనేవి పడుకుంటాయి. కణం పెరగడం తప్ప అన్నీ మర్చిపోతుంది.

"అయితే ముందు తెంపిందెవరు?" అంది ఆర్విల్లా.

"ఎవరూ కాదు. దానంతటదే తెగింది."

ఆర్విల్లాకి అది నచ్చలేదు. పేరు లేని మనిషిని ఆవిడ చాలామందిని చూసింది గాని, మనిషే లేని సంగతి ఎప్పుడూ చూడలేదు. చుట్టని ఒళ్లో ఇటూ అటూ తిప్పింది.

కార్లిస్ కుర్చీలోంచి లేచి నిలబడింది. ఎందుకు లేచిందో తెలీలేదు. "అంటే నా దగ్గర్నుంచి..." అని ఆగిపోయింది.

"మీ దగ్గర్నుంచి కాదు. ఆయన దగ్గర్నుంచీ కాదు," అంది డాక్టరు. "ఈ అతుకు ఆ గడ్డలో ఉంది. అంతే. మీ రక్తంలో వెతికినా ఉండదు. మెకెల్ రక్తంలో మంచి కణాల్లో కూడా ఉండదు. అండాల్లో ఉండదు."

మెకెల్ నమ్మలేదు. ఆ పిల్ల ముఖం చూస్తే తెలుస్తోంది. నమ్మించడానికి డాక్టర్లు ఏదో ఒకటి చెబుతారులే అన్న ముఖం. మీరు నన్ను ఓదారుస్తున్నారు, అంది నెమ్మదిగా. ఒంట్లో పుట్టినది ఒంట్లో అన్నిచోట్లా ఉండకుండా ఎలా ఉంటుందని అడిగింది. డాక్టరు కాగితం మీద బొమ్మ గీసింది. పిల్ల బొమ్మని చూసింది గాని చూపు అందులోకి వెళ్లలేదు.

అప్పుడు థేన్ గొంతు సవరించుకున్నాడు.

"మూడో షెడ్డు సంగతి నీకు చెప్పానా?" అన్నాడు కూతురితో.

"ఇప్పుడు కథలొద్దు నాన్నా."

"కథ కాదే. నువ్వు పుట్టకముందు సంగతి. మా నాన్న గీసిన నక్షా ఒకటే కదా, అన్ని షెడ్లకీ. మూడో షెడ్డులో ఓసారి ఎలక తీగలు కొరికేసింది. ఫ్యాను తీగ ఒకటి, లైటు తీగ ఒకటి. మన లామార్ బాబాయి వెళ్లి అతికాడు. వాడి సంగతి తెలుసుగా, చొక్కా గుండీ కూడా పక్క కాజాలో పెట్టుకుంటాడు. ఫ్యాను తీగ లైటుకిచ్చాడు. ఎండెక్కితే ఫ్యాను తిరగాలా, లైట్లు వెలిగాయి. తీగ కొసొకటి గోడకున్న తుప్పు మేకుకి ఆనింది. అది స్విచ్చు కాదు, ఏం కాదు, టోపీ తగిలించుకునే మేకు. ఆనాక అదీ స్విచ్చే. టోపీ తగిలిస్తే మేత యంత్రం తిరిగేది."

మెకెల్ పెదవి కొస కదిలింది. "తర్వాత?"

"జూలై నెల. లైట్లు ఆరవు. కోళ్లకి పగలు ఎంతుంటే గుడ్లంత. పెట్టాయి, పెట్టాయి, కింద చోటు లేక గుడ్ల మీద ఎక్కి పెట్టాయి. నెలాఖరుకి కోళ్ల తలలు కప్పు రేకులకి తగిలాయి. నేను లోపలికి ఈదుకుంటూ వెళ్లాను."

డాక్టర్ ఎచెవెరీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆర్విల్లా అది నెల కాదు, పది రోజులని సరిదిద్దింది. ఈత సంగతి మాత్రం సరిదిద్దలేదు.

థేన్ నవ్వలేదు. కూతురి వైపు వంగాడు.

"మిగతా షెడ్లలో లైట్లు వేళకి ఆరాయే. నక్షాలో తప్పు లేదు. ఆ ఒక్క షెడ్డులో, ఆ ఒక్క అతుకు. ఆ మరుసటేడు ఏడో షెడ్డు కట్టాం, అదే నక్షాతో. దాంట్లో ఇప్పటికీ ఏ తేడా లేదు. నువ్వే కదా రోజూ వెళ్తావు."

మెకెల్ చాలాసేపు తండ్రి చేతులకేసి చూసింది. తొమ్మిది రోజులుగా అతను మాట్లాడకపోవడం దేనికో కార్లిస్‌కి అప్పుడర్థమైంది. ఈ మనిషి ఇన్నాళ్లూ ఆ కథని వెతుక్కుంటున్నాడు.

"ఏడో షెడ్డు అంటే నా పిల్లలా?" అంది మెకెల్.

"ఆరుగురూను."

పిల్ల ముక్కు తుడుచుకుని, కాగితం ఎక్కడుందని డాక్టర్ని అడిగింది.

*

అండాలు దాచే విభాగం అదే అంతస్తులో, నడవకి ఆ చివర. నర్సు మెకెల్‌నీ థేన్‌నీ లోపలికి తీసుకెళ్లింది. చదవాల్సిన కాగితాలు పన్నెండున్నాయట. గోడ గడియారంలో మూడూ ఇరవై.

కార్లిస్ బయట నిలబడి నీళ్లు తాగింది. గ్లాసు ఖాళీ అయ్యాక ఇంకో గ్లాసు తాగింది. ఒళ్లు తేలిగ్గా ఉండాలి, ఉంది. అయినా కాళ్లు ఒకచోట నిలవలేదు. నాది కాదు, నాది కాదు, అని లోపల ఎవరో గంతులేస్తున్నారు. ఆ గంతులకి సిగ్గేసింది కూడా. పిల్ల తొడలో గడ్డ అలాగే ఉంది మరి.

ఆర్విల్లా లిఫ్టు దగ్గర నిలబడి ఉంది. లిఫ్టు తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఆవిడ గౌను సర్దుకుంటోంది.

"ఎవరికోసం అత్తయ్యా?"

ఆవిడ మెడమీద ఎర్రగా పొక్కినట్టయింది. కార్లిస్ రెండడుగులు దగ్గరికేసింది.

"డాక్టరమ్మ ఈ మాట ముందే చెప్పుంటే నేను రాసేదాన్ని కాను," అంది ఆర్విల్లా.

"ఏం రాశారు?"

లిఫ్టు తెరుచుకుంది. ముగ్గురు దిగారు. ఇద్దరు వాళ్ల దారిన వెళ్లిపోయారు. మూడో మనిషి అక్కడే ఆగిపోయింది. డెబ్బై ఏళ్ల ముసలావిడ, మగవాళ్ల కోటు, ఎండకి కమిలిన ముఖం. చేతిలో మడతపెట్టిన ఉత్తరం. ఆవిడ ఆర్విల్లా వైపు చూడలేదు. కార్లిస్ ముఖం చూసింది. చూస్తూ చూస్తూ, ఒక చేత్తో గోడ పట్టుకుంది.

కార్లిస్‌కి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ఆ ముక్కు తనది.

వెల్డా హార్గిస్, అంది ఆవిడ, తన పేరు తనే పరాయివాళ్ల పేరులా చెప్పుకుంటూ. నెవాడాలో ఈలీ ఊరినుంచి తెల్లవారకముందే బయల్దేరిందట. నాలుగు గంటల దారి, బండి రేడియేటరు కారుతుంటే ఆగి ఆగి వచ్చిందట. ఉత్తరానికి జవాబు రాద్దామని కూర్చుంటే చెయ్యి రాలేదట.

కార్లిస్ ఉత్తరం అందుకుంది. అత్తగారి గుండ్రటి చేతిరాత. మీ రక్తంలో ఉన్నదేదో మా మనవరాలికి వచ్చింది. మీ వైపు ఎవరెవరు ఎలా పోయారో దయచేసి తెలియజేయండి. సోమవారం మధ్యాహ్నం ఫలానా ఆసుపత్రిలో ఉంటాం. కింద సంతకం, ఆ కింద వంశాలు వెతకడంలో తనకి ఇన్నేళ్ల అనుభవమని కూడా రాసుకుంది.

"నలభై ఎనిమిదేళ్లు నన్నెవరూ వెతకలేదు," అంది కార్లిస్ అత్తగారితో. "మీరు వెతికి, ఇది రాశారా?"

ఆర్విల్లా తల దించుకుంది. కార్లిస్ పెళ్లయినప్పట్నుంచి ఆ తల దిగడం చూడలేదు.

"మీరు అనవసరంగా వచ్చారు," అంది కార్లిస్ వెల్డాతో. గొంతు తను అనుకున్నదానికన్నా మెత్తగా వచ్చింది. "ఇది మీ దగ్గర్నుంచి వచ్చింది కాదు. ఇప్పుడే డాక్టరు చెప్పింది. ఎవరి దగ్గర్నుంచీ కాదు. మీరు క్షమాపణ చెప్పాల్సిన పని లేదు."

వెల్డా తల అడ్డంగా ఊపింది. ఒకసారి కాదు, ఆగకుండా.

"నాకో కొడుకుండేవాడు," అంది. "నీకన్నా మూడేళ్లు పెద్ద. డెనీ. పంతొమ్మిదేళ్లప్పుడు వాడికి తొడలో గడ్డొచ్చింది."

నడవలో ఎవరో చక్రాల కుర్చీ తోసుకెళ్లారు.

"ఏం గడ్డ?" అంది కార్లిస్.

"ఏమో. కాన్సరన్నారు. కాలు తీసేశారు. ఏడాది బతికాడు."

"పరీక్ష చెయ్యలేదా? ఏ రకమో, ఏ జీనో?"

"ముప్పై ఏళ్ల కిందట, ఈలీలో, ఎవరు చేస్తారమ్మా? నిన్ను ఇచ్చేసినందుకు దేవుడు వాణ్ణి తీసుకున్నాడని నేననుకున్నాను. ఈ ఉత్తరం చదివాక తెలిసింది, అది నాలోనే ఉందని."

కార్లిస్ గోడకి ఆనుకుంది. ఒక అన్న ఉన్నాడు. ఉండేవాడు. వాణ్ణి ఉంచుకుని తననిచ్చేసింది. అది తర్వాత అడగాల్సిన సంగతి. ఇప్పుడు తలలో డాక్టరు గొంతే తిరుగుతోంది. ఈ అతుకు రక్తంలోంచి రాదంది. ఈ అతుకు. మరి డెనీకి ఉన్నది ఇదేనా, ఇంకోటా? వంశంలోంచి దిగేవి వేరే ఏమైనా ఉంటాయా? తను అడగలేదు. అడగడానికి అన్న ఒకడున్నాడని తెలిస్తే కదా.

డాక్టర్ని పిలవాలి. ఆవిడ నాలుగింటిదాకా ఇంకో రోగి దగ్గరుంటానంది. గడియారంలో మూడూ నలభై. ఐదింటికి ఆ గది మూసేస్తారు. ఈ మాట ఇప్పుడు మెకెల్ చెవిన పడితే సంతకం పెట్టదు. పడకపోతే పెడుతుంది. ఐదు దాటాక చెబితే? దాచింది అంటుంది. తన పుట్టుక గురించి అందరూ దాచినట్టే, తనూ దాచిందంటుంది.

"ఆవిణ్ణి కిందికి తీసుకెళ్తాను," అంది ఆర్విల్లా. "కాఫీ... మా చర్చి ఒప్పదు, నేను తాగకూడదు, ఆవిడ తాగుతుంది. ఐదయ్యేదాకా కూర్చుంటాం. నువ్వు లోపలికెళ్లు, కార్లిస్. నువ్వేం వినలేదు."

పాతికేళ్ల కాపురంలో అత్తగారు ఆమె పక్షాన మాట్లాడటం అదే మొదటిసారి. కార్లిస్ ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఒక్క క్షణం పట్టుకునే ఉంది.

ఆ చివర తలుపు తెరుచుకుంది. మెకెల్ కుంటుతూ వచ్చింది, చేతిలో కాగితాలు, వేళ్ల మధ్య పెన్ను. వెనకాల థేన్ ఏదో చెబుతూ నవ్వుతున్నాడు.

"అమ్మా, ఆఖరి పేజీలో ఓ ప్రశ్న. కుటుంబంలో ఇంకెవరికైనా కాన్సరుందా అని. లేదనే రాస్తున్నా, సరేనా?"

అని, ముసలావిణ్ణి చూసింది. ముక్కు చూసింది. తల్లిని చూసింది.

"ఎవరమ్మా ఈవిడ?"

ఆర్విల్లా వేళ్లు కార్లిస్ చేతిలో బిగుసుకున్నాయి. వద్దు, అని.

కార్లిస్ ఆ వేళ్లని ఒక్కొక్కటే విడదీసింది.

"మా అమ్మ," అంది. "నెవాడానుంచి వచ్చింది. నీ ప్రశ్నకి జవాబు నాకు ఇంతకుముందు దాకా తెలీదు."

థేన్ నవ్వు ముఖం మీదే ఆగిపోయింది. గోడ గడియారం ముల్లు ఒక గీత జరిగింది.

పిల్ల పెన్నుకి మూత పెట్టి జేబులో వేసుకుంది. నడవలో ఉన్న బెంచీ మీద కూర్చుని, పక్కన చోటు చూపించింది.

"అయితే ఆవిణ్ణే చెప్పమనండి," అంది. "అంతా. నేను విన్నాకే రాస్తాను."

వెల్డా కూర్చోలేదు. చెప్పనా, వద్దా అన్నట్టు, తను కని ఇచ్చేసిన కూతురి ముఖంలోకి చూసింది.